పెరగడం వేరు, పక్వం కావడం వేరు

మామిడి తోటలున్న ఊళ్లలో ఈ సంగతి చిన్న పిల్లలకు కూడా తెలుసు. టెంక ముదిరిన కాయను కోసి వరిగడ్డిలో మాగవేస్తే నాలుగైదు రోజుల్లో పండవుతుంది. రంగు వస్తుంది, వాసన వస్తుంది, తీపి వస్తుంది. కాని ఆ కాయ అంతకు మించి వీసమెత్తు కూడా పెరగదు. ఇక లేత పిందెను కోసి గడ్డిలో పెడితే అది పండనే పండదు, వడలిపోతుంది. అంటే కాయకు రెండు పనులున్నాయన్న మాట. ఒకటి పెరగడం, రెండవది పక్వం కావడం. ఈ రెండూ ఒకటి కాదు.

తల్లి గర్భంలో ఉన్న శిశువుకు కూడా ఈ రెండు పనులూ ఉన్నాయి. మొదటి నెలల్లో అవయవాలు ఏర్పడతాయి, కణాలు విభజన చెంది సంఖ్యలో పెరుగుతాయి. చివరి వారాల్లో ఆ అవయవాలు బయటి ప్రపంచంలో పని చేయడానికి సిద్ధమవుతాయి. దీనికంతకూ సుమారు 40 వారాలు, అంటే 280 రోజులు పడుతుంది. 37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. 2020లో ప్రపంచంలో ఇలా పుట్టిన పిల్లలు సుమారు 1 కోటి 34 లక్షల మంది. అంటే ప్రతి పదిమందిలో దాదాపు ఒకరు. వారిలో దాదాపు 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు.

ఇలాంటి బిడ్డల అవయవాలను పుట్టక ముందే త్వరగా పక్వం చేయడానికి వైద్యులు తల్లికి ఒక మందు ఇస్తారు. ఆ మందు ఏమిటి? ఏ అవయవంలో ఏం చేస్తుంది? తొందరపెట్టినందుకు శరీరం ఏదైనా మూల్యం చెల్లిస్తుందా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

మొదటి శ్వాస ఎందుకు కష్టం?

గర్భంలో శిశువు గాలి పీల్చదు. దానికి కావలసిన ఆక్సిజన్ తల్లి రక్తం నుండి మాయ ద్వారా, బొడ్డుతాడు ద్వారా అందుతుంది. శిశువు ఊపిరితిత్తులు అప్పుడు ద్రవంతో నిండి ఉంటాయి. పుట్టిన కొద్ది క్షణాల్లోనే ఆ ద్రవం తొలగిపోవాలి, దాని స్థానంలో గాలి చేరాలి.

ఊపిరితిత్తుల్లో వాయునాళం చెట్టుకొమ్మలా చీలుతూ పోయి, చివరకు వాయుగోణులు అనే అతి చిన్న సంచులుగా ముగుస్తుందని మీరు చదువుకున్నారు. ఈ సంచుల లోపలి గోడ మీద పలుచని నీటి పొర ఉంటుంది. అసలు చిక్కంతా ఆ నీటి పొరతోనే.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. గిన్నెలో శుభ్రమైన నీళ్లు పోసి, పలుచని కాగితం ముక్క మీద గుండుసూదిని అడ్డంగా ఉంచి మెల్లగా నీటి మీద వదలండి. కాగితం తడిసి మునిగిపోతుంది. సూది మాత్రం నీటి మీద నిలుస్తుంది. నీటి ఉపరితలం సాగదీసిన పొరలాగా బిగువుగా ఉండడమే దీనికి కారణం. ఈ గుణాన్నే తలతన్యత అంటారు. ఇప్పుడు గిన్నె అంచున ఒక చుక్క సబ్బునీరు వేయండి. సూది మునిగిపోతుంది. సబ్బు తలతన్యతను తగ్గించిందన్న మాట.

వాయుగోణిలోని నీటి పొర కూడా ఇలాగే బిగిసి, సంచిని ముడుచుకుపోయేలా లోపలికి లాగుతుంది. సంచి ఎంత చిన్నదైతే ఈ లాగుడు వల్ల కలిగే పీడనం అంత ఎక్కువ. పెద్ద సబ్బు బుడగను, చిన్న సబ్బు బుడగను ఒక గొట్టంతో కలిపితే చిన్న బుడగలోని గాలి పెద్దదానిలోకి పోతుంది. చిన్నది ముడుచుకుపోతుంది. మరి మన ఊపిరితిత్తుల్లో కోట్లకొద్దీ ఉన్న చిన్న సంచులు ఎందుకు ముడుచుకుపోవు?

వాటిలో కూడా ఒక విధమైన సబ్బు ఉంది కనుక! దాని పేరు సర్ఫాక్టెంట్. ఇది కొవ్వు పదార్థాలు, ప్రోటీన్లు కలిసిన మిశ్రమం. వాయుగోణుల గోడలలో ఉండే ప్రత్యేక కణాలు దీనిని తయారుచేస్తాయి. శిశువులో ఈ తయారీ సుమారు 24వ వారంలో మొదలవుతుంది. చాలినంత సర్ఫాక్టెంట్ చేరేసరికి దాదాపు 34, 35 వారాలు అవుతుంది.

అంతకు ముందే పుట్టిన బిడ్డ ఏం చేస్తుంది? పీల్చిన ప్రతిసారీ సంచులు తెరుచుకుంటాయి, వదిలిన ప్రతిసారీ మూసుకుపోతాయి. ప్రతి శ్వాసా మొదటి శ్వాస అంత కష్టమవుతుంది. డొక్కలు ఎగరేస్తూ, మూలుగుతూ, కొద్ది గంటల్లోనే బిడ్డ అలసిపోతుంది. ఈ జబ్బుకు కారణం సర్ఫాక్టెంట్ లోపమని 1959లో అమెరికాలోని బోస్టన్‌లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ అనే శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

కారణం తెలిసినా వైద్యం దొరకలేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీకి ఒక కొడుకు పుట్టాడు. పేరు పాట్రిక్. ఐదున్నర వారాలు ముందుగా, 2 కిలోలకు కాస్త పైబడిన బరువుతో పుట్టాడు. దేశంలో ఉన్న మంచి వైద్యమంతా అతనికి అందింది. అయినా 39 గంటలకే ఈ జబ్బుతో చనిపోయాడు. అధ్యక్షుని బిడ్డకే లేని మందు ఇంకెవరి బిడ్డకు ఉంటుంది?

గొర్రెపిల్ల చెప్పిన రహస్యం

మందుకు దారి చూపిన ప్రయోగం ఊపిరితిత్తుల గురించి చేసింది కాదు. న్యూజిలాండులోని ఆక్లండ్ నగరంలో గ్రాహం లిగ్గిన్స్ అనే స్త్రీవైద్య నిపుణుడు మరొక ప్రశ్నతో సతమతమవుతున్నాడు. కాన్పు ఎప్పుడు రావాలో నిర్ణయించేది ఎవరు? తల్లా, బిడ్డా?

న్యూజిలాండులో గొర్రెలకు కొదవ లేదు. గొర్రె సుమారు 150 రోజులు గర్భం మోస్తుంది. గర్భంలో ఉన్న పిల్లలో పీయూష గ్రంథిని నాశనం చేస్తే కాన్పు ఆలస్యమైంది. ఆ పిల్లకు కార్టిజోల్ లేదా దాని వంటి హార్మోన్లు ఎక్కిస్తే కాన్పు ముందుగా వచ్చింది. కార్టిజోల్ మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అధివృక్క గ్రంథులలో పుట్టే హార్మోను. కనుక గొర్రెలలో కాన్పుకు సంకేతం ఇచ్చేది పిల్లేనని తేలింది.

ఇంతలో ఒక వింత కనిపించింది. హార్మోను పొంది దాదాపు నెల రోజులు ముందుగా పుట్టిన ఒక గొర్రెపిల్ల చనిపోవలసినది చనిపోలేదు. ఊపిరి తీస్తూనే ఉంది! అంత లేత పిల్ల ఊపిరితిత్తులు గాలితో తెరుచుకోకూడదు. తరువాత కోసి చూస్తే కొంతవరకు తెరుచుకునే ఉన్నాయి. వేరొకరైతే ఇదేదో వింత అనుకుని వదిలేసేవారు. లిగ్గిన్స్ వదలలేదు. కార్టిజోల్ వంటి హార్మోన్లు ఊపిరితిత్తులను త్వరగా పక్వం చేస్తాయని ఊహించి, 1969లో ఆ సంగతి ప్రకటించాడు.

అదే సంవత్సరం డిసెంబరులో ఆయన, రాస్ హోవీ అనే పిల్లల వైద్యుడు కలిసి తల్లుల మీద పరీక్ష మొదలుపెట్టారు. ముందుగా కాన్పు వచ్చే సూచనలున్న తల్లుల్లో కొందరికి బీటామెథసోన్ అనే మందు ఇచ్చారు. మిగిలినవారికి చూడడానికి అచ్చం అలాగే ఉండే, ఇంచుమించు పని చేయని మందు ఇచ్చారు. ఏ తల్లికి ఏది అందాలో చీటీ తీసినట్లుగా నిర్ణయమైంది. ఇచ్చే వైద్యునికి గాని, పుచ్చుకునే తల్లికి గాని ఏది ఏదో తెలియదు. ఎందుకీ గోప్యం? తెలిస్తే మన ఆశ మన కళ్లను మోసం చేస్తుంది గనుక.

282 మంది తల్లుల ఫలితాలు 1972లో వెలువడ్డాయి. అనుకోకుండా ముందుగా పుట్టిన బిడ్డల్లో మందు అందని వారిలో నూటికి సుమారు 26 మందికి శ్వాస జబ్బు వస్తే, మందు అందిన వారిలో 9 మందికే వచ్చింది. పుట్టిన కొద్ది రోజుల్లోనే చనిపోయినవారు మందు అందని వారిలో నూటికి 15 మంది, అందిన వారిలో ముగ్గురు.

అవయవాలలో ఏం జరుగుతుంది?

కార్టిజోల్, బీటామెథసోన్, డెక్సామెథసోన్ ఇవన్నీ స్టిరాయిడ్ కుటుంబానికి చెందిన పదార్థాలు. కండలు పెంచుకోవడానికి కొందరు ఆటగాళ్లు దొంగచాటుగా వాడే స్టిరాయిడ్లు ఇదే కుటుంబంలోని వేరే శాఖకు చెందినవి. రెంటినీ కలగాపులగం చేయకండి.

గమనించవలసిన విషయం ఏమిటంటే, ఈ మందు శరీరానికి కొత్త భాషలో మాట్లాడదు. నెలలు నిండే కాలంలో శిశువు రక్తంలో కార్టిజోల్ దానంతట అదే పెరుగుతుంది. 'ప్రయాణానికి వేళయింది, సిద్ధం కండి' అని అవయవాలకు అందే కబురు అది. మందు ఇవ్వడమంటే ఆ కబురును ముందుగా పంపడమే.

అలాగైతే కార్టిజోల్‌నే తల్లికి ఇవ్వవచ్చు గదా! ఇవ్వవచ్చు, కాని బిడ్డకు చేరేది కొంచెమే. మాయలో ఒక ఎంజైము కాపలా కాస్తూ, తల్లి కార్టిజోల్‌లో ఎక్కువ భాగాన్ని పని చేయని పదార్థంగా మార్చివేస్తుంది. బీటామెథసోన్, డెక్సామెథసోన్‌లను మాత్రం ఆ ఎంజైము అంతగా ఆపలేదు. అందుకే ఈ రెండింటినే వాడతారు.

శిశువు కణంలోకి చేరిన మందు అక్కడి గ్రాహకం అనే ప్రోటీనుతో జతకూడి కేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ కొన్ని జన్యువుల పనిని మొదలుపెడుతుంది, కొన్నింటి పనిని తగ్గిస్తుంది. జన్యువుల ఆదేశం ప్రకారం కొత్త ప్రోటీన్లు తయారవుతాయి. ఇందుకు సమయం కావాలి. అందువల్లనే కాన్పుకు ఒక రోజు ముందు నుండి వారం ముందు వరకు మధ్యకాలంలో మందు అందితే మంచి ఫలితం కనిపిస్తుంది.

ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ తయారీ పెరుగుతుంది. వాయుగోణుల మధ్య గోడలు పలచబడతాయి. కనుక ఆక్సిజన్ రక్తంలోకి సులభంగా చేరుతుంది. ద్రవాన్ని పీల్చివేసే ఏర్పాట్లు చురుకవుతాయి.

మెదడు లోపలి గదుల చుట్టూ ఉండే సన్నని రక్తనాళాలు లేత బిడ్డల్లో సులభంగా చిట్లుతాయి. మందు అందిన బిడ్డల్లో ఈ రక్తస్రావం తక్కువ. పేగులలో పొర కుళ్లిపోయే ఒక ప్రమాదకరమైన జబ్బు కూడా తగ్గుతుంది. కాలేయం గ్లైకోజెన్‌ను నిలవ చేసుకోవడానికి ఈ హార్మోన్లే తోడ్పడతాయి. బొడ్డుతాడు కోసిన తరువాత మొదటి గంటలలో బిడ్డకు ఆ గ్లైకోజెనే సద్దిమూట.

తొందరకు మూల్యం

మళ్లీ మామిడికాయ దగ్గరకు రండి. మాగిన కాయ పెరగదు అనుకున్నాం. అవయవాలలో కూడా పక్వం కమ్మని కబురు అందగానే కణవిభజన నెమ్మదిస్తుంది. ఒకసారి ఇచ్చిన మందుతో బిడ్డ పెరుగుదలకు పెద్ద నష్టం కనిపించలేదు. కాని పదే పదే ఇస్తే?

గొర్రెల మీద ప్రయోగాలలో పదే పదే మందు ఇచ్చినప్పుడు పిల్లల శరీరం బరువు, మెదడు బరువు తగ్గాయి. గర్భం తొలిదశలో ఇస్తే మూత్రపిండాలలో రక్తాన్ని వడగట్టే నెఫ్రాన్ల సంఖ్య తగ్గింది. మనుషులలో రెండు వారాలకొకసారి మందు ఇచ్చి చూసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. ఆ బిడ్డలకు అదనపు మేలేమీ కనిపించలేదు. పైగా వారు బరువులో, పొడవులో, తల చుట్టుకొలతలో కొంత తక్కువగా పుట్టారు. 34 వారాలు దాటిన తల్లులకు మందు ఇచ్చి చూసిన మరొక పరీక్ష 2016లో వెలువడింది. అందులో బిడ్డల శ్వాస బాధలు కొంత తగ్గాయి గాని, పుట్టగానే రక్తంలో చక్కెర పడిపోవడం ఎక్కువైంది. మందు అందని వారిలో నూటికి 15 మందికి చక్కెర పడిపోతే, అందిన వారిలో 24 మందికి పడిపోయింది.

మరి ఒక్కసారి మందు పొందినవారు పెద్దయ్యాక ఎలా ఉన్నారు? ఆక్లండ్ పరీక్షలో పుట్టిన పిల్లలను శాస్త్రజ్ఞులు మరచిపోలేదు. 30 ఏళ్ల వయసులో వెతికి పట్టుకుని పరీక్షించారు. రక్తపోటులో, తెలివితేటల్లో తేడా లేదు. చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ పనిలో మాత్రం స్వల్పమైన తేడా కనిపించింది. 50 ఏళ్ల వయసులో మళ్లీ చూశారు. గుండె, రక్తనాళాల జబ్బులలో ఇరుపక్షాలకూ తేడా లేదని 2024లో ప్రకటించారు. ఒక్క మందు సంగతి తేల్చడానికి అర్ధశతాబ్దం ఓపిక పట్టారన్న మాట!

మంచి మందు మూలన పడింది

ఇంత మేలు చేసే మందును వైద్యులు వెంటనే అందుకుని ఉంటారని మీరు అనుకోవచ్చు. అలా జరగలేదు. తరువాత జరిగిన పరీక్షలలో కొన్ని చిన్నవి. విడివిడిగా చూస్తే వాటి ఫలితం స్పష్టంగా కనిపించలేదు. గర్భిణికి హార్మోను ఇవ్వడమంటే భయం కూడా ఉండేది. ఇరవై ఏళ్లపాటు చాలా దేశాలలో ఎక్కువమంది తల్లులకు ఈ మందు అందలేదు.

1990లో పట్రీషియా క్రౌలీ, ఇయాన్ చామర్స్, మార్క్ కీర్స్ అనేవారు అప్పటికి జరిగిన 12 పరీక్షలను ఒకచోట చేర్చి లెక్కకట్టారు. మందు ప్రాణాలు కాపాడుతుందని నిస్సందేహంగా తేలింది. 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు పిలిచిన నిపుణుల సభ దీనిని వాడమని చెప్పింది. వైద్య పరీక్షలను ఇలా కూర్చి చూసే కాక్రేన్ అనే సంస్థ 1993లో ఏర్పడింది. దాని చిహ్నంలో కనిపించే ఏడు అడ్డగీతలు ఈ మందు మీద జరిగిన ఏడు పరీక్షలే! ఉన్న రుజువులను కూడి చూడకపోతే బిడ్డలు నష్టపోతారని ఆ చిహ్నం గుర్తుచేస్తుంది.

అదే మందు, వేరే చోటు

కథ ఇక్కడితో అయిపోలేదు. 2015లో మన దేశంతో కలిపి ఆరు దేశాలలో జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. పల్లెల్లో, చిన్న ఆస్పత్రుల్లో కూడా ఈ మందును విరివిగా ఇచ్చి చూశారు. ఆశ్చర్యం! మరీ చిన్న బిడ్డల మరణాలు తగ్గలేదు. మొత్తం మీద పసికందుల మరణాలు కొంత పెరిగాయి, తల్లులకు అంటువ్యాధుల లక్షణాలు కూడా పెరిగాయి.

మందు మారిందా? లేదు. పరిస్థితులు మారాయి. చాలామంది తల్లులకు ఎన్ని వారాలు నిండాయో సరిగా తెలియదు. తేదీ తెలియనప్పుడు పొట్ట కొలతను బట్టి అంచనా వేశారు. దానివల్ల అవసరం లేని ఎందరికో మందు అందింది. స్టిరాయిడ్లకు రోగనిరోధక శక్తిని కొంత అణచే గుణం ఉంది. పుట్టిన చిన్న బిడ్డను వెచ్చగా ఉంచి, ఆక్సిజన్ ఇచ్చి కాపాడే వసతులు కూడా అన్నిచోట్లా లేవు.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మరొక పరీక్ష ఫలితాలు ప్రకటించింది. ఇది భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియా దేశాల ఆస్పత్రులలో 2,852 మంది తల్లులతో జరిగింది. అల్ట్రాసౌండ్ యంత్రంతో వారాలు లెక్కకట్టి, 26 నుండి 33 వారాల మధ్య ఉన్నవారికే డెక్సామెథసోన్ ఇచ్చారు. ఈసారి నెలలోపు మరణాలు నూటికి 23.5 నుండి 19.6కు తగ్గాయి. అంటే మందు పొందిన ప్రతి 25 మంది తల్లులకు ఒక బిడ్డ అదనంగా బతికిందన్న మాట.

పిందెను మాగవేస్తే వడలుతుంది, చెట్టున పండబోయే కాయను మాగవేయనక్కరలేదు. మధ్యలో ఉన్న కొద్ది కాలమే అసలైన అదును. మన ప్రభుత్వం 2014లో ఇచ్చిన సూచనల ప్రకారం 24 నుండి 34 వారాల మధ్య కాన్పు సూచనలు కనిపిస్తే డెక్సామెథసోన్ ఇస్తారు. 6 మిల్లీగ్రాముల చొప్పున, 12 గంటలకొకటిగా నాలుగు ఇంజక్షన్లు, ఒక్క దఫా మాత్రమే. ఖరీదు చాలా తక్కువ. ఖరీదైనది వారాల లెక్క. అందుకే గర్భిణి మొదటిసారి ఆరోగ్య కేంద్రానికి వెళ్లగానే నర్సు చివరి నెలసరి తేదీ అడిగి కార్డు మీద రాసుకుంటుంది. మీ ఇంట్లో అలాంటి కార్డు ఉంటే తీసి చూడండి. ఆ ఒక్క తేదీ మీదనే ఎన్నో నిర్ణయాలు ఆధారపడతాయి.

ఆలోచించి చెప్పండి

1. సూదిని తేల్చిన గిన్నెలో సబ్బు చేసిన పని, వాయుగోణిలో సర్ఫాక్టెంట్ చేసే పని ఏ విధంగా ఒకటి?

2. కాన్పుకు అరగంట ముందు ఇచ్చిన మందు అంతగా ఉపయోగపడకపోవడానికి కారణమేమిటి?

3. ఆక్లండ్ పరీక్షలో ఏ తల్లికి ఏ మందు అందిందో వైద్యులకు తెలిసి ఉంటే ఏం జరిగి ఉండేది?

4. ఒక గర్భిణి చివరి నెలసరి మొదటిరోజు జనవరి 1. ఆగస్టు 6 నాటికి ఆమెకు ఎన్ని వారాలు నిండుతాయి? (లీపు సంవత్సరం కాదనుకోండి.) ఆనాడు కాన్పు సూచనలు కనిపిస్తే పైన చెప్పిన అదును ఇంకా ఉన్నదా?